లైన్ క్లియర్ తిరిగిచ్చిన గొంతు

ఈ పొద్దున్న ఇంకా కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోనుకి మెసేజీ వచ్చింది. రేపు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా చెట్ల కొమ్మలు కొట్టడానికీ, పాత తీగలు మార్చడానికీ మా గోపాలపట్నం వైపు కరెంటు తీసేస్తారట, వినియోగదారులు సహకరించాలట. మా అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిని నేనే కాబట్టి దాన్ని అందరికీ పంపడం నా వంతు. పంపిన అయిదు నిమిషాలకే సణుగుడు మొదలైంది. రెండో అంతస్తు కోడలికి దోసెల పిండి రుబ్బుకోవాలి, నాలుగో అంతస్తు కుర్రాడిది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం, మూడో అంతస్తాయనకి రెండు కొమ్మలు కొట్టడానికి అయిదు గంటలెందుకో అర్థం కాదు. చివరికి అందరూ కలిసి నా మీద పడ్డారు. మీరు ఆ డిపార్టుమెంటులోనే చేశారు కదండీ, ఎవరికో ఒక ఫోను కొట్టి తొందరగా ఇప్పించండి అని.

ఒక ఫోను కొట్టి ఇప్పించండి. ఈ మాట వింటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నా ఈడువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, నల్లటి బరువైన ఫోన్లూ, అట్ట చిరిగిన రిజిస్టర్లూ, ఆఫీసరు గదిలోకి వెళ్లేముందు చెప్పులు బయట విడిచే రోజులూ మీకు గుర్తుంటే, నా కోపం మీకు సులువుగానే అర్థమవుతుంది. మిగిలినవాళ్లకి మొదటి నుంచీ చెప్పాలి.

నలభై ఏళ్లకి దగ్గర పడుతోంది. అప్పుడు నేను హార్బరు వైపు ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు, పెళ్లయి మూడు నెలలు. ఆ ఉద్యోగానికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది మా బావ, అంటే మా అక్క భర్త. ఆయన లైన్‌మన్. చీపురుపల్లి అవతల ఒక మెట్ట ఊళ్లో వేరుశెనగ పండించే ఇంట్లో పుట్టి, ఈ నగరానికి వచ్చేదాకా సముద్రం చూడని మనిషి. నేను చదువు కోసం వచ్చిన దగ్గర్నించీ వాళ్లింట్లోనే తిన్నాను, వాళ్లింట్లోనే పడుకున్నాను. ఒక్కనాడూ ఆయన నన్ను పరాయివాడిగా చూడలేదు. పూర్ణా మార్కెట్‌లో తనకని చొక్కా గుడ్డ కొనుక్కోవడానికి వెళ్లి, నాకు కుట్టించి తెచ్చిన సందర్భాలు ఉన్నాయి.

మా పనిలో లైన్ క్లియర్ అని ఒకటి ఉండేది, ఇప్పుడూ ఉంది. లైన్ మీద పని చెయ్యాలంటే లైన్‌మన్ సబ్‌స్టేషన్‌ని అడగాలి, ఆపరేటరు కరెంటు తీసి, టైమూ పేరూ రిజిస్టర్లో రాయాలి. తీసుకున్న మనిషి స్తంభం దిగి, తన మనుషులందర్నీ దింపి, తన నోటితో తిరిగిచ్చేదాకా ఇంద్రుడు చంద్రుడు వచ్చి అడిగినా మళ్లీ వెయ్యకూడదు. ఊరంతా ఉక్కపోతతో విసనకర్రలు విసురుకుంటూ మమ్మల్ని తిట్టే ఆ గంటలన్నీ స్తంభం మీదున్న ఒక్క మనిషి ప్రాణం కోసమే.

సబ్‌స్టేషన్‌కి దూరంగా పని జరిగినప్పుడు ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఫోనులో నడిచేవి. ఎవడు పడితే వాడు ఫోను చేసి తిరిగిచ్చేశామంటే కొంప మునుగుతుంది కాబట్టి, తీసుకునేటప్పుడే లైన్‌మన్ ఒక గుర్తుమాట చెప్పేవాడు. తిరిగిచ్చేటప్పుడు మళ్లీ అదే మాట చెప్పాలి. కొందరు దేవుడి పేర్లు పెట్టుకునేవాళ్లు, ఒకాయన ఎప్పుడూ తన ఎద్దు పేరే చెప్పేవాడు. మా బావ మాత్రం చేపల పేర్లు పెట్టేవాడు. మెట్ట ఊరివాడు కదా, హార్బరులో చేరాక జాలర్ల దగ్గర ఒక్కొక్క పేరూ నేర్చుకుని, చిన్నపిల్లాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు నాకు అప్పజెప్పేవాడు. సోమవారం వంజరం, మంగళవారం సందువా, ఆయన నోట్లో చందువా ఎప్పుడూ సందువాయే. ఫోనులో ఆ పేరు వినగానే ఈ రాత్రికి అక్క అదే వండుతుందేమో అనుకుని నాకు నోరూరేది.

ఆ రోజు మాట కానాగంత. పది గంటలకి ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి ఫోను చేశాడు, దగ్గర్లో ఉన్న ఫోను అదొక్కటే. రెండింటి దాకా లైన్ క్లియర్ కావాలన్నాడు, ముగ్గురం ఉన్నాం అన్నాడు, కానాగంత అన్నాడు. నేను కరెంటు తీసి రాసుకున్నాను. ఆయన చేసిన పొరపాటు ఏదైనా ఉందంటే ఒక్కటే, ఆ మాట గట్టిగా చెప్పడం. లైన్ల పనికి అలవాటైన గొంతు, స్తంభం మీంచి కిందికి కేక వేసినట్టే ఫోనులోనూ మాట్లాడేవాడు. అప్పుడు అదే గదిలో, ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన టీ తాగుతూ మా సెక్షను ఇంజనీరు గారు కూర్చుని ఉన్నారు.

పన్నెండున్నరకి ఫోను మోగింది. లైన్ క్లియర్ తిరిగిస్తున్నాను, కానాగంత, చార్జ్ చెయ్యి అని ఒక గొంతు. మాట సరైనదే. గొంతు మాత్రం మా బావది కాదు. ముక్కుతో పలికే సన్నటి గొంతు, మాట చివర చిన్న దగ్గు. అది ఎవరిదో నాకు తెలుసు, రోజూ నన్ను ఏయ్ ఆపరేటర్ అని పిలిచే గొంతును నేనెందుకు పోల్చుకోను? ఒక్క క్షణం ఆగాను. బావ ఏడీ సార్ అని అడగాలని నోటిదాకా వచ్చింది. అవతల నుంచి, వినపడలేదా, పడవలన్నీ సరుకుతో వచ్చి నిలబడ్డాయి, ఐస్ కరిగిపోతోంది, వెయ్యి అన్నారు. నేను వేశాను.

తరవాత తెలిసింది. ఇంజనీరు గారు ఫ్యాక్టరీ గుమ్మంలోంచి చూస్తే ఇద్దరు మనుషులు స్తంభం దిగి, పొరపాటున కరెంటొచ్చినా భూమిలోకి పోయేలా తీగలకి తగిలించిన ఎర్తు గొలుసులు కూడా చుట్టేసి, టీ తాగుతున్నారట. పని అయిపోయింది కదా అనుకున్నారట. మూడోవాడు, మా బావ, గోడౌన్ వెనక మలుపులో ఉన్న స్తంభం మీద ఆఖరి ముడి బిగిస్తున్నాడు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఆ రోజు పొద్దున్న అంబలి తాగి బయలుదేరడం దగ్గర్నించి ఆసుపత్రిలో కళ్లు తెరవడం దాకా మధ్యలో ఏం జరిగిందో ఆయన బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. ఫోను చేసింది గుర్తులేదు, మాట చెప్పింది గుర్తులేదు, ఎక్కింది గుర్తులేదు.

విచారణకి ముందురోజు ఇంజనీరు గారు సబ్‌స్టేషన్‌కి వచ్చి, మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. మాట సరిగ్గా చెప్పాడు, నువ్వు వేశావు, నీ తప్పేమీ లేదు అన్నారు. గొంతు అనుమానంగా ఉందని గనక అన్నావో, అనుమానం వచ్చీ ఎందుకు వేశావని ముందు నీ ఉద్యోగమే ఊడుతుంది, ఆలోచించుకో అన్నారు. అని చిన్నగా దగ్గారు. నేను ఆలోచించుకున్నాను. లైన్‌మన్ కానాగంత అను గుర్తుమాట చెప్పి లైన్ క్లియర్ తిరిగి ఇచ్చెను అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. తనకి ఆ మాటే తెలియదనీ, ఆ రోజు ఫోను దగ్గరికే వెళ్లలేదనీ ఇంజనీరు గారు రాసిచ్చారు. బావ సర్వీసు పుస్తకంలో స్వంత నిర్లక్ష్యం అని ఎర్ర సిరాతో పడింది. చెయ్యి లేని లైన్‌మన్‌ని ఆఫీసులో కాగితాలు మోసే పనికి మార్చారు, తల వంచుకుని రిటైరయ్యేదాకా ఆయన ఆ పనే చేశాడు.

బావకి ఎవరిమీదా కోపం లేదు, ఎందుకంటే తప్పు తనదే అనుకున్నాడు. అన్నం ముందు కూర్చుని ఎడమచేత్తో ముద్ద కలుపుకుంటూ నన్ను అడిగేవాడు, నాను ఫోన్ సేసి ఇచ్చేసి, మల్లీ ఎక్కినానేటిరా అని. నేను మంచినీళ్లు తాగుతూ తలకాయ దించుకునేవాణ్ని. అక్క మాత్రం ఊరుకునేది కాదు. పిల్లలకి జడలు వేస్తూ, బావి నీళ్లు తోడుతూ, ఆయన బొత్తాలు పెడుతూ కూడా ఒకటే మాట. సేసుకున్నోడికి సేసుకున్నంత, ఎవర్నని ఏటి లాభం అనేది. కోపంతో మొదలైన మాట పోను పోను ఆవిడకి ఊతపదం అయిపోయింది. ఆరేళ్ల కిందట పోయింది అక్క. పోయేముందు వారం కూడా ఆ మాట అంది, నేను పక్కనే ఉన్నాను.

నాకు మాత్రం పగ ఉంది. పాముపగ అంటారే, అలాంటిది. ఆ ఇంజనీరు ప్రమోషన్ల మీద ప్రమోషన్లు ఎక్కి ఊళ్లు మారినన్నాళ్లూ చేసేదేం లేక పళ్లు కొరుక్కున్నాను. రెండేళ్ల కిందట మా అపార్టుమెంటు అయిదో అంతస్తులో ఒక రిటైరైన పెద్దాయన దిగుతున్నారంటే, కార్యదర్శి హోదాలో స్వాగతం చెబుదామని వెళ్లాను. లారీ పక్కన నిలబడి సామాన్లు దింపించుకుంటూ, జాగ్రత్త అని చిన్నగా దగ్గారు. జుట్టు పోయింది, నడుం వంగింది, మోకాళ్లు అరిగిపోయాయి, దగ్గు మాత్రం అదే. నన్ను పోల్చుకోలేదు. ఆయన జీవితంలో నాలాంటి ఆపరేటర్లు ఎన్ని వందల మందో.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, చెప్పేస్తాను. లిఫ్టుకి జనరేటరు కొందామని ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లందరూ మూడు సమావేశాల్లో అడిగారు. మూడుసార్లూ ఏదో ఒక వంక చెప్పి పడనివ్వలేదు. చోటు లేదన్నాను, చప్పుడన్నాను, పొగన్నాను. నా మోకాళ్లూ బాగుండవు, కానీ నాది మొదటి అంతస్తు. కరెంటు తీసినప్పుడల్లా ఆయన రెయిలింగు పట్టుకుని మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కుతుంటే, తలుపు సందులోంచి చూసేవాణ్ని. ఏం సుఖమయ్యా ఇందులో అంటే, ఉంది. లేదంటే అబద్ధం.

కానీ అది చాల్లేదు. నాకు కావలసింది ఒక్కటే, ఆయన నోటితో మా బావ ఎదట నిజం రావాలి. బావకి డెబ్బై దాటాయి, పెందుర్తిలో కూతురి దగ్గర ఉంటున్నాడు, తను కాదు తప్పు చేసింది అని తెలియకుండా పోతాడేమోనని నాకు గుబులు. నేనే చెప్పొచ్చు కదా అంటారు. చెబితే నా ముక్క కూడా బయటపడుతుంది. అది బయటికి రాకుండా ఆయన ముక్క మాత్రమే రావాలి, అదీ నా ఎత్తు.

పోయిన నెల ఇలాగే మెసేజీ వచ్చింది, తొమ్మిది నుంచి రెండు దాకా అని. అందరి ఫోన్లకీ పంపాను, అయిదో అంతస్తు ఆయన ఫోను చూడరని తెలిసి కింద బోర్డు మీద మాత్రం రాయలేదు. బావని పొద్దున్నే రమ్మన్నాను, ఊరికే, చాన్నాళ్లయింది కదా అని. ఎనిమిదిన్నరకి బస్సు దిగి వచ్చాడు, ఖాళీ చొక్కా చెయ్యి జేబులోకి దోపుకుని. ఇద్దరం కింద కార్లు పెట్టేచోట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆ పెద్దాయన నడకకి వెళ్లి తొమ్మిదీ పావుకి పాల ప్యాకెట్టుతో తిరిగొచ్చేసరికి లిఫ్టు చచ్చి ఉంది. మూడో కుర్చీ వేశాను.

ఆయన భార్య కూతురింటికి వెళ్లింది, పైన ఎవరూ లేరు. పాలు విరిగిపోతాయని మా ఇంట్లో కాయించి గిన్నెతో కిందికి తెచ్చాను, ఇడ్లీ తెప్పించి పెట్టాను. ఆకలితో మాడ్చితే అది పగ కాదు, పాపం. వేడి పెరిగింది. ఆయన చొక్కా తడిసింది, మోకాలు రుద్దుకుంటున్నారు. బావ ఆయన్ని పోల్చుకోలేదు, ఆయన బావని పోల్చుకోలేదు. ఎవరో ఇద్దరు ముసలివాళ్లలా ఎండ గురించీ బెండకాయల ధర గురించీ మాట్లాడుకుంటుంటే, నేను మధ్యలో కూర్చుని కాచుకున్నాను.

పదకొండున్నరకి ఆయన గేటు బయటికి తొంగి చూసి నాతో అన్నారు, "సెక్రటరీ గారూ, మీవాళ్లెవరికైనా ఒక ఫోను కొట్టండి. పని అయిపోయినట్టే ఉంది, అదుగో ఇద్దరు దిగి టీ తాగుతున్నారు. పది నిమిషాలు లైనిస్తే లిఫ్టు ఎక్కేస్తాను." అని చిన్నగా దగ్గారు.

నేనేం రాసిపెట్టి అనిపించలేదు, ఆయనంతట ఆయనే అన్నారు. నేను నెమ్మదిగా చెప్పాను, "మూడోవాడు మలుపు అవతల స్తంభం మీద ఉంటాడు సార్. అయినా నేనడిగితే ఇవ్వరు, గుర్తుమాట ఉండాలి. మా హార్బరు సబ్‌స్టేషన్‌లో చేపల పేర్లు పెట్టుకునేవాళ్లం. ఆ రోజు మాటేమిటో మీకు గుర్తుందా సార్?"

ఆయన నా మొహంలోకి చూశారు. తరవాత ఆయన చూపు బావ జేబులోకి దోపుకున్న ఆ ఖాళీ చేతి దగ్గర ఆగిపోయింది. పాల గిన్నె మీద ఈగ వాలితే తోలడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

"కానాగంత," అన్నారు.

బావకి ఆ రోజు గుర్తులేదు గానీ, ఆ మాట గుర్తుంది. విచారణ కాగితం చదివి వినిపించినప్పుడు విన్న మాట, ఏళ్ల తరబడి తనని తాను తిట్టుకున్న మాట. ఆ కాగితంలో ఇంజనీరుకి ఆ మాట తెలియనే తెలియదని ఉందని కూడా ఆయనకి తెలుసు. ఇద్దరు దిగారు కదా, మూడోవాడూ దిగాడనుకున్నాను, పడవలు వచ్చేశాయి, ఒత్తిడి చేశారు అంటూ ఇంజనీరు గారు ఏదేదో చెబుతున్నారు. నాకు ఎండాకాలం చల్లటి కుండనీళ్లు గొంతులో పోసుకున్నట్టుంది. అక్క మాటే నా నోటికి వచ్చింది, అక్క మాట్లాడినట్టే అన్నాను, సేసుకున్నోడికి సేసుకున్నంత అని.

బావ ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు.

"ఆ పొద్దు ఫోనెత్తింది నువ్వే కదరా. ఆ గొంతు నాది కాదని నీకు తెల్దేటి?"

తెలియదని అనొచ్చు. ఇన్నేళ్లూ దాచినవాడికి ఇంకొక్క అబద్ధం ఎంత? అయినా తెలుసు బావా అన్నాను.

కోప్పడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన ఎడమచేత్తో మొహం తుడుచుకుని, మెల్లిగా అన్నాడు, "నాకు సెప్పనేదు, సరే. మీ అక్కకైనా సెప్పుండాల్సిందిరా. నానే సేసుకున్నానని దుక్కపడతానే పోనాది."

ఆ తరవాత ముగ్గురం రెండు గంటల పైగా అక్కడే కూర్చున్నాం. లేచి వెళ్లిపోయే కాళ్లు ఎవరికీ లేవు. రెండింటికి కరెంటు వచ్చింది, లిఫ్టు దీపం వెలిగింది. ఇంజనీరు గారు దాని ముందుదాకా వెళ్లి, తలుపు తెరుచుకున్నా లోపలికి వెళ్లకుండా, పక్కనున్న మెట్లెక్కారు. ఒక్కో అంతస్తులో ఆగుతూ ఆ చెప్పుల చప్పుడు పైదాకా వినపడింది. బావ అన్నం తినకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను స్టాపు దాకా వెనకే నడిచాను, ఆయన తిరిగి చూడలేదు.

పగ తీర్చుకుంటే మనసు తేలికవుతుందని ఎవరన్నారో గానీ, వాళ్లు సగం తీర్చుకున్నవాళ్లై ఉంటారు. నాది మిగతా సగం నా మీదే తీరింది. అయినా ఆ అయిదో అంతస్తు మనిషిని నేను క్షమించలేదు. క్షమించానని రాస్తే ఈ కాగితం కూడా ఆ విచారణ కాగితం లాంటిదే అవుతుంది. నిన్న సమావేశంలో జనరేటరు తీర్మానం మాత్రం నేనే పెట్టాను. అది ఆయన కోసం కాదు, తలుపు సందులోంచి చూడటానికి ఇక నాకు మొహం లేదు.

ఇప్పుడు లైన్ క్లియర్ ఇవ్వడానికీ తిరిగి తీసుకోవడానికీ లైన్‌మన్ సెల్‌ఫోనుకే అంకెలొస్తాయని మొన్న కొమ్మలు కొట్టే కుర్రాడు చెప్పాడు. ఆ అంకెలు చెబితేనే కరెంటు, ఎంత పెద్ద ఆఫీసరు అరిచినా మిషను వినదట. మంచిదే. ఇదే అప్పుడుంటే మా బావ కుడిచేత్తో ముద్ద తినేవాడు. ఫోనులో చేప పేరు విని ఇంట్లో కూరేమిటో ఊహించుకునే రోజులు ఇక రావు, గొంతు పోల్చుకోవలసిన ఆపరేటరు అవసరమూ లేదు. పోల్చుకుని కూడా ఊరుకున్నవాడి గురించి చెబితే ఆ కుర్రాడికి అర్థం కాదని, నేనేమీ చెప్పలేదు.

తొందరగా ఇప్పించమన్న వాళ్లందరికీ ఇందాక గ్రూపులో ఒకటే జవాబు రాశాను, స్తంభం మీద మనిషి ఉంటాడు, రెండు దాకా ఆగండి అని. ఆ రోజు ఫోనులో అనవలసిన మాట అదే, అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. కింద బోర్డు మీద కూడా పెద్ద అక్షరాలతో రాసి వచ్చాను. రేపు రమ్మందామని బావకి పొద్దున్నించీ మూడుసార్లు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు.